మొదటి కాయ దేవుడికి, రోజూ నీళ్ళు మొక్కకు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ పెద్ద పెరళ్ళవే. నాలుగు సెంట్లు మొదలుకొని పది సెంట్ల దాకా జాగా ఉండి, ఇంటికి సరిపోగా గుడికో, చర్చికో, పక్కింటికో ఇవ్వాలనుకునేవాళ్ళు రాశారు. భక్తితో తోట పెట్టినవాళ్ళకు ఒక బెంగ ఉంటుంది. మొక్క ఎండితే తమ మొక్కులోనే ఏదో లోపం జరిగిందనుకుంటారు. ఈ ఉత్తరాల్లో చాలావాటికి జవాబు నీళ్ళ లెక్కలోనో, విత్తిన తేదీలోనో దొరికింది.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగ విరమణ చేశాం. ఎనిమిది సెంట్ల ఎర్రనేల, ఒక బోరు ఉన్నాయి. ఏరువాక పున్నమినాడు భూమికి పూజ చేసి, ఫోన్‌లో వీడియోలు చూసి అడుగెత్తు మడులు కట్టాం. ఎంత నీళ్ళు పెట్టినా మొక్కలు వాడిపోతున్నాయి. మట్టి మీద తెల్లగా ఉప్పు తేలుతోంది. ఎక్కడ తప్పు చేశాం?
— గుత్తి, అనంతపురం జిల్లా

పూజలో తప్పేమీ లేదు, మడి ఎత్తులోనే ఉంది. ఎత్తు మడి వాన బాగా కురిసే చోట, నీళ్ళు నిలిచే నేలకు పనికొస్తుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. మీ ఎర్ర గరప నేల నీళ్ళను పట్టి ఉంచదు. దాన్ని అడుగెత్తు లేపితే నాలుగు పక్కలా ఎండ, గాలి తగిలి తేమ ఆరిపోతుంది. నీళ్ళు ఆవిరై పోతాయి కానీ బోరు నీళ్ళలోని ఉప్పు పోదు, పైన తెల్లటి పొరగా మిగులుతుంది.

మీకు కావలసింది పల్లపు మడి. నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు గీసుకోండి. పై అరడుగు మట్టిని పక్కన పోసి, అడుగుభాగాన్ని గడ్డపారతో గుల్ల చేయండి. పక్కన పోసిన మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు 25 నుంచి 30 కిలోలు, వేపపిండి అర కిలో కలిపి తిరిగి నింపండి. మడి దారి కంటే మూడు నాలుగు అంగుళాలు కిందికే ఉండాలి. మిగిలిన మట్టి చుట్టూ గట్టుకు పోతుంది. ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య గట్టి వాన పడితే నీళ్ళు పోయేందుకు ఒక మూల గండి పెట్టుకుని, మామూలు రోజుల్లో మట్టితో మూసి ఉంచండి.

ఎరువు పచ్చిది వేయవద్దు. పచ్చి పేడ మట్టిలో వేడి పుట్టించి లేత వేర్లను మాడుస్తుంది, వేరుపురుగును పిలుస్తుంది. చివికిన ఎరువు చేతిలోకి తీసుకుంటే టీ పొడిలా జారాలి, పేడ వాసన రాకూడదు.

ఇక నీళ్ళ లెక్క. దారులు, చెట్ల జాగా తీసేస్తే మీ ఎనిమిది సెంట్లలో మడులకు దాదాపు రెండు వేల చదరపు అడుగులు, అంటే 185 చదరపు మీటర్లు మిగులుతుంది. చదరపు మీటరుకు చలికాలంలో రోజుకు 3 లీటర్లు, మార్చిలో 5, మే నెలలో 7 లీటర్ల దాకా కావాలి. అంటే చలికాలంలో 550 లీటర్లు, మే నెలలో 1,300 లీటర్లు. బోరు ఆ మేరకు ఇవ్వకపోతే వేసవిలో సగం మడులు ఖాళీగా ఉంచండి. అన్నిటినీ అరకొరగా తడిపితే ఒక్కటీ కాయదు.

డ్రిప్పు వేసుకుంటే సులువు. ఒక్కో మడికి రెండు పైపులు, 40 సెంటీమీటర్లకు ఒక డ్రిప్పర్, గంటకు 2 లీటర్లది తీసుకోండి. మడికి 30 డ్రిప్పర్లు పడతాయి, గంటకు 60 లీటర్లు దిగుతాయి. 80 చదరపు అడుగుల మడికి మార్చిలో 37 లీటర్లు కావాలి కాబట్టి 35, 40 నిమిషాలు చాలు. ఉప్పు నీళ్ళకు డ్రిప్పర్లు మూసుకుపోతాయి. జాలి ఫిల్టరును వారానికోసారి కడగండి. పదిహేను రోజులకోసారి పైపుల చివరి బిరడాలు తీసి, తెల్ల నీళ్ళు పోయి తేట నీళ్ళు వచ్చేదాకా వదలండి.

తడి ఆరకుండా మడి మీద చెనక్కాయ పొట్టు రెండు అంగుళాలు పరచండి. మన జిల్లాలో దీనికి కొదవ లేదు. మొక్క మొదలుకు మాత్రం మూడు అంగుళాలు ఎడంగా ఉంచాలి. ఎర్రనేలలో ఎండు పొట్టుకు చెదలు వస్తాయి, కాండానికి ఆనితే అక్కడినుంచే తొలుస్తాయి.

మధ్యాహ్నం ఆకు వాలిపోయి పొద్దు గూకేసరికి తేరుకుంటే అది ఎండ దెబ్బ, భయం లేదు. తెల్లారి చూసినప్పుడు కూడా వాలి ఉంటేనే దాహం, లేదా వేరు జబ్బు. మట్టిలోకి వేలు రెండో గణుపు దాకా గుచ్చండి. తడి తగిలినా మొక్క వాడి ఉంటే నీళ్ళు ఆపి, ఒక మొక్కను పెరికి వేర్లు చూడండి. వేర్లకు ముడులు ముడులుగా బుడిపెలుంటే నులిపురుగు. ఆ మడిలో వచ్చే పంటగా బంతి వేసి, ఆపైన వంగ, టమోటా, బెండ ఏడాదిపాటు మానేయండి.

బోరు పది నిమిషాలు నడిచాక లీటరు సీసాలో నీళ్ళు పట్టి, ఎనిమిది పది చోట్ల తీసి కలిపిన అరకిలో మట్టితో పాటు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళి పరీక్ష అడగండి. నీళ్ళ ఇ.సి. (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 2 దాటితే చిక్కుడు, బీన్స్ జాతులు కుంగిపోతాయి. పాలకూర, బీట్‌రూట్ తట్టుకుంటాయి.

నల్లరేగడి ఉన్న ఆదోని, జమ్మలమడుగు వైపు పాఠకులు ఇదంతా తమకూ అనుకోవద్దు. మీ నేలకు అరడుగు ఎత్తు మడే మేలు. రేగడిలో పల్లం తీస్తే వానకు వేర్లు ఊపిరాడక కుళ్ళుతాయి.

ప్రశ్న: మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి. దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టాం. వేపనూనె కొట్టినా తగ్గలేదు.
— కోడుమూరు, కర్నూలు జిల్లా

ముడత రెండు రకాలు, మందులూ రెండు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ఉంటే పై ముడత, అది తామర పురుగు పని. అంచులు కిందికి వాలి బోర్లించిన పడవలా ఉండి, కాడ సాగి, ఆకు ముదురు ఆకుపచ్చగా మారితే కింది ముడత, అది నల్లి పని. లేత కొమ్మను తెల్ల కాగితం మీద గట్టిగా తట్టండి. సన్నటి పసుపు గీతల్లాంటివి పరుగెడితే తామర పురుగులు. నల్లి కంటికి ఆనదు.

పై ముడతకు నీలం రంగు జిగురు అట్టలు సెంటుకు రెండు చొప్పున మొక్క తలల ఎత్తులో కట్టి, వేపనూనె 1500 పీపీఎంది (సీసా మీద రాసి ఉండే మందు గాఢత) లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్ళతో చిలికి, ఆకు అడుగున తడిసేలా వారం తేడాతో మూడుసార్లు కొట్టండి. సబ్బు కలపకపోతే నూనె నీళ్ళ మీద తేలి ఒకచోటే పడుతుంది, చాలామందికి పని చేయనిది అందుకే. కింది ముడతకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. గంధకం, వేపనూనె రెండు వారాల లోపు ఒకదాని వెంట ఒకటి కొట్టకూడదు, ఆకు మాడుతుంది. మిట్ట ఎండలో ఏదీ వద్దు. ఇదే గంధకం బీర, కాకర, దోస తీగల మీద పడనివ్వకండి, అవి తట్టుకోలేవు.

వచ్చే పంటకు మిరప మడి చుట్టూ రెండు మూడు సాళ్ళు జొన్న వేయండి, మిరప నాటడానికి నెల ముందే. గాలితో వచ్చే పురుగుకు అదే మొదటి అడ్డం.

ప్రశ్న: మా సంఘంలో కోతల పండుగ జరుగుతుంది. ప్రథమ ఫలాలుగా మా పెరట్లో కాసినవే, పెద్ద గుమ్మడికాయతో సహా, దేవుని సన్నిధిలో పెట్టాలని ఆశ. పోయినేడు పండుగనాటికి కాయలు పిందెల్లోనే ఉన్నాయి.
— కడప

పండుగ ఆదివారం ఏ తేదీనో పాస్టరుగారిని ముందే అడిగి, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. గుమ్మడికి విత్తిన నాటినుంచి 110 నుంచి 120 రోజులు. సొరకు తొలి కోత 55 నుంచి 60 రోజులకు, బెండ 45, మటిక్కాయలు (గోరుచిక్కుడు) 50, బీర 50 నుంచి 55. వంకాయకు నారు పెరగడానికి నెల, నాటాక మరో రెండు నెలలు. తోటకూర, మెంతి 25 నుంచి 30 రోజులు. వీటన్నిటికీ ఒక వారం చేర్చుకోండి, వాన ముసురు పట్టినా చలి ముదిరినా పంట వెనకబడుతుంది. ఆకుకూరలను వారం తేడాతో రెండు విడతలు చల్లితే ఏదో ఒకటి సరిగ్గా అందుతుంది.

పెద్ద కాయ కావాలంటే తీగకు రెండు పిందెలే ఉంచండి. పిందె పిడికెడంత అయ్యాక, దాని తర్వాత నాలుగైదు ఆకులు వదిలి తీగ కొస తుంచండి. కాయ కింద ఎండుగడ్డి మెత్తగా పరచాలి, తడి మట్టికి ఆనిన చోట కుళ్ళుతుంది. తొడిమ గట్టిపడి, గోరుతో గీస్తే తోలు దిగనప్పుడు కోతకు వచ్చినట్టు. మూడంగుళాల తొడిమ ఉంచి కోయండి. తొడిమ పట్టుకుని ఎత్తవద్దు, విరిగితే ఆ గాయంలోనుంచే కాయ చెడుతుంది. నీడలో, గాలి తగిలే చోట పది రోజులు ఆరనిస్తే తోలు గట్టిపడి నెలల తరబడి నిలుస్తుంది. అందుకే గుమ్మడిని పండుగకు నెల ముందుగానే సిద్ధం చేసుకున్నా నష్టం లేదు. ఆకుకూర మాత్రం ఆ ఆదివారం తెల్లవారుజామునే కోయాలి.

ప్రశ్న: ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదికి గుమ్మడి పూలు రోజూ కోస్తాం. కాయలు తగ్గుతాయని మా ఆయన కోప్పడుతున్నారు.
— ఉరవకొండ, అనంతపురం జిల్లా

ఇద్దరి మాటా నిలుస్తుంది, కోసే పువ్వు చూసి కోస్తే. సన్నని పొడుగు కాడ మీద నిలబడేది మగ పువ్వు. పువ్వు కింద గోలీ అంత పిందె ఉండేది ఆడ పువ్వు. గొబ్బెమ్మకు మగ పూలే కోయండి, అవి ఎటూ ఆ పూటకే వాడిపోతాయి. ఆడ పూలు విచ్చిన రోజున మాత్రం ఒకటి రెండు మగ పూలు తీగకు వదలాలి. ఆ మగ పువ్వు రేకులు తుంచి, మధ్యలోని పసుపు పొడిని ఆడ పువ్వు నడిమి బొడిపెకు మెల్లగా తాకిస్తే పిందె నిలుస్తుంది. గుమ్మడికి ఈ పని సూర్యోదయం వేళే చేయాలి, తొమ్మిది దాటితే పుప్పొడి సత్తువ పోతుంది.

దోస, కాకర కూడా ఉదయమే. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుతాయి, వాటికి దీపాలు పెట్టే వేళ చేయాలి. సొర పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయని రాసిన మైదుకూరు పాఠకురాలికి కూడా ఇదే జవాబు. పొద్దున చేతితో పరాగం అంటిస్తున్నామన్నారు, అప్పటికి ఆ పూలు ముడుచుకునే ఉంటాయి.

ప్రశ్న: దేవుడి పూలు చెత్తలో వేయబుద్ధి కాదు. నిర్మాల్యాన్ని ఎరువు చేయవచ్చా? మా వీధి గుడిలోనుంచి కూడా రోజుకొక గంప వస్తుంది.
— ప్రొద్దుటూరు, కడప జిల్లా

చేయవచ్చు, అది మళ్ళీ పువ్వై దేవుడి దగ్గరికే వస్తుంది. వేరు చేసే పని మాత్రం శ్రద్ధగా చేయాలి. దండల దారం, ప్లాస్టిక్ కవర్లు, వెండి రంగు కాగితం, కర్పూరం, నూనె వత్తులు, రంగు కలిసిన కుంకుమ తీసేయండి. నూనె పడిన పూలకు ఎలుకలు, చీమలు చేరతాయి. కొబ్బరి చిప్పలు ఏళ్ళ తరబడి చివకవు, పొయ్యికి పోనివ్వండి. పీచును మొక్కల మొదట్లో పరచుకోవచ్చు.

మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంత నీడపట్టున తవ్వండి. అడుగున ఎండు కంది కట్టె ముక్కలు. పైన ఒక వంతు పూలకు రెండు వంతుల ఎండాకు, ఒక పొరలా మట్టి, దాని మీద పేడ నీళ్ళు చిలకరించాలి. బంతి, చామంతి పూలు ఒట్టివే కుప్పగా వేస్తే ముద్దయి పుల్లటి వాసన కొడతాయి. వాసన వస్తే గాలి ఆడటంలేదని గుర్తు, ఎండాకు కలిపి తిరగేయండి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. పదిహేను రోజులకోసారి తిరగేస్తే 70 నుంచి 90 రోజుల్లో ఎరువవుతుంది.

నిర్మాల్యం కాలికి తగలకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్ళలో ఆ ఎరువును తులసి, మందార, కొబ్బరి, కరివేపాకు చెట్ల పాదుల్లో వేసి మట్టి కప్పేస్తారు. నడిచే దారి పక్కన మడులకు మామూలు ఎరువు వాడుకోండి. మంచి పద్ధతి, మనసుకూ మొక్కకూ.

ప్రశ్న: టమోటా కాయ అడుగున నల్లగా తోలులాగా అవుతోంది.
— ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లా

పురుగు కాదు, తెగులు కాదు, కాయకు సున్నం (కాల్షియం) అందకపోవడం. మట్టిలో సున్నం ఉన్నా దాన్ని మోసుకెళ్ళేది నీళ్ళే. నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు ముంచితే అది కాయదాకా చేరదు. నల్లబడిన కాయలు తెంపేసి, నీళ్ళు రోజూ కొద్దిగా ఒకే తీరుగా ఇవ్వండి. కాల్షియం నైట్రేట్ లీటరుకు 5 గ్రాములు వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. యూరియా ఆపేయండి. ఏప్రిల్‌లో పూత రాలితే మాత్రం చేయగలిగింది తక్కువ. పగలు 38 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమోటా పుప్పొడి పనిచేయదు. సగం ఎండను ఆపే 50 శాతం పచ్చ వల కడితే మొక్క బతుకుతుంది, మళ్ళీ జూన్‌లో పూస్తుంది.

ప్రశ్న: మా అత్తమ్మకు పురుగును చంపడం ఇష్టం లేదు, పాపమంటుంది. కాకరకాయల్లో పురుగు, వంకాయల్లో పురుగు. ఆమె మనసు నొప్పించకుండా ఏదైనా దారి ఉందా?
— పులివెందుల, కడప జిల్లా

మీ అత్తమ్మగారి మాటను గౌరవిస్తూనే చాలా దూరం వెళ్ళవచ్చు. కాకరను పాడుచేసేది పండు ఈగ. అది పిందెకు సూది గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. అంతకుముందే అడ్డు పెట్టండి. పువ్వు రాలిన రెండో రోజున పిందెకు పాత పలుచని చీర గుడ్డతోనో కాగితంతోనో సంచి తొడిగి, పైన వదులుగా కట్టాలి. ఇరవై తీగలున్నా రోజుకు పావుగంట పని. అత్తమ్మగారే ఇష్టంగా చేయగలరు. వంకరపోయిన, రాలిన కాయలు నేలమీద వదలవద్దు. అందులోని పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై వస్తుంది.

వంగలో ముందు కొమ్మ చివర వాలిపోతుంది. ఆ కొసను అంగుళం కింద నుంచి తుంచితే లోపల గులాబీ రంగు పురుగు ఉంటుంది. వాలిన కొసలను ఉదయాన్నే తీసి తోటకు దూరంగా పడేయండి, లేదా కోళ్ళకు వేయండి. ఇది వారానికి రెండుసార్లు చేస్తే కాయల్లో పురుగు బాగా తగ్గుతుంది. మడిలో అక్కడక్కడా ఆరడుగుల టీ ఆకారపు కర్రలు పాతండి. వాటి మీద వాలే పిట్టలు తమ ఆహారం తాము ఏరుకుంటాయి. బీర, గుమ్మడి లేత ఆకులను కొరికే ఎర్ర పెంకు పురుగుకు మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద చల్లితే అది వాలదు.

ఇవన్నీ చేసినా పదింట ఒకటి రెండు కాయలు పోతాయి. వాటిని ఆ జీవుల వంతుగా వదులుకోగలిగితే మందు అవసరం రాదు. వదులుకోలేని పరిస్థితి వస్తే, పండిన వేప గింజల పొడి 50 గ్రాములు లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, సాయంత్రం పూట కొట్టండి. అది పురుగుకు ఆకు మీద తిండి సహించకుండా చేస్తుంది. కొన్ని పురుగులు దానివల్ల చనిపోతాయి కూడా. ఆ మాట అత్తమ్మగారికి దాచకుండా ముందే చెప్పి ఆమె ఒప్పుకున్నాకే వాడండి.

ప్రశ్న: ఐదు సెంట్లకు జీవామృతం ఎంత?
— తాడిపత్రి, అనంతపురం జిల్లా

ఎకరాకు 200 లీటర్లు, మీకు 10 లీటర్లే. 20 లీటర్లు చేసి రెండు విడతలుగా వాడవచ్చు. నీళ్ళు 20 లీటర్లు, ఆవుపేడ కిలో, ఆవు మూత్రం లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండి 200 గ్రాములు, గట్టు మట్టి గుప్పెడు. నీడలో గోనెసంచి కప్పి రోజుకు మూడుసార్లు కలియదిప్పితే 48 గంటలకు తయారు. వారంలోపు వాడేయాలి. మూత బిగించవద్దు, గాలి ఊరి డబ్బా ఉబ్బుతుంది. మట్టి తడిగా ఉన్నప్పుడే పోయండి, ఎండిన మట్టిలో పోస్తే దండగ.

ప్రశ్న: కూరగాయలు మిగిలిపోతున్నాయి. అన్నదానానికి పంపితే సగం వాడలేదని తెలిసి బాధ కలిగింది.
— గుంతకల్లు, అనంతపురం జిల్లా

వాళ్ళకు మనసు లేక కాదు. పది రకాలు పిడికెడేసి పంపితే వంటమనిషి ఏం చేయగలడు? యాభై మందికి ఒక కూరకో సాంబారుకో ఐదు కిలోలు కావాలి. ఒకే రకం ఐదు కిలోలు పంపండి, లేదా సాంబారులో కలిసే సొర, గుమ్మడి, వంకాయ, మునగ కలిపి పంపండి. ముందురోజే ఫోన్ చేసి ఏం వండుతున్నారో కనుక్కుని, తెల్లవారే కోసి, తడిపిన గోనెసంచిలో చేర్చండి. ప్లాస్టిక్ సంచిలో బెండ, ఆకుకూర గంటలోనే చెమ్మగిల్లి నల్లబడతాయి. ఏ మందు కొట్టినా, వేపనూనె అయినా సరే, ఆ వారం కోసినవి ఇతరులకు పంపకండి.

అప్పటికీ మిగిలితే మన ఎండ ఉండనే ఉంది. మటిక్కాయలు, కాకర ముక్కలు ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో ఒక రాత్రి నానబెట్టి, పలుచని గుడ్డ కప్పి ఎండబెడితే మూడు నాలుగు రోజుల్లో ఒరుగులు అవుతాయి. విరిస్తే టక్కున విరగాలి. వంగితే లోపల తడి ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది.

ప్రశ్న: మొదటి కాయ దేవుడికి పెట్టాలని మా అమ్మ. మొదటి కాయే బలమైనది, విత్తనానికి వదలాలని మా పెద్దనాన్న. ఎవరి మాట వినాలి?
— ఆదోని, కర్నూలు జిల్లా

అమ్మగారి మాట వినండి. మొదటి కాయను తీగ మీద ముదరనిస్తే మొక్క తన బలమంతా దాని గింజలకే పెట్టి, వెనక వచ్చే పిందెలను వదిలేస్తుంది. లేతగా కోసి దేవుడి ముందు పెడితే బెండైనా సొరైనా కొత్త పూత వేస్తుంది. విత్తనానికి రెండో, మూడో కాయను ఎంచుకోండి. తెగులు లేని తీగ మీద, మంచి ఆకారంలో ఉన్న కాయకు ఎర్ర దారం కడితే ఇంట్లోవాళ్ళెవరూ పొరపాటున కోయరు. హైబ్రిడ్ విత్తనంతో పెరిగిన మొక్క నుంచి మాత్రం గింజ దాచవద్దు, వచ్చే ఏడు అదే రకం రాదు.

సొరకాయను తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే గింజలు గలగలమన్నప్పుడు కోయాలి. అనప, అలసంద గింజలకు పెంకుపురుగు పడుతుంది కాబట్టి ఎర్రమట్టి నీళ్ళు పట్టించి బాగా ఎండబెట్టండి, లేదా కిలోకు ఒక చెంచా ఆముదం రాసి దాచండి. పంటికింద పెట్టి కొరికితే గింజ నొక్కుకుపోకుండా పటుక్కుమని పగలాలి, అప్పుడే కుండలో పోసి, ఎండు వేపాకు వేసి, మూతి గుడ్డతో కట్టండి.